చల్లపెట్టెలో ఒక మూల

ఆవిడ పేరు నాకు బాగా తెలుసు. అయినా ఇక్కడ రాయను. రాయనని సంతకం పెట్టినదాన్ని. విజయవాడలో మేం చేస్తున్న పరిశోధనకు రక్తం ఇచ్చినవాళ్ళు ఎవరైనా సరే, మా గది గుమ్మం దాటాక వాళ్ళకు పేరుండదు, నంబరుంటుంది. ఆవిడ నంబరు నలభై ఏడు. చెల్లెలిదీ అదే. అక్క ఎ, చెల్లెలు బి.

మొదటిరోజే ఈ విషయంలో నాతో పేచీ పెట్టుకుంది. ట్యూబు మీద స్టిక్కరు అంటిస్తుంటే మెడ చాచి చూసి, "నా పేరు రాయవేంటమ్మాయ్?" అంది.

"పేర్లు రాయకూడదండీ. నంబరే."

"బాగుంది. నేను నేసిన చీరకి చీటీ కడితే దాని మీద నా పేరుంటది. నా ఒంట్లో రక్తానికి ఉండకూడదా?" అని, కొంగు చివర ముడి విప్పి జానెడు ఎర్ర దారం తీసింది. "పోనీ ఇది కట్టు. రేపు ఎవరిదెవరిదో తెలీకపోతే ఇది చూస్తే తెలిసిపోద్ది."

నాకు ఒళ్ళు మండింది. "పదకొండేళ్ళయింది నేనీ పని చేయబట్టి. ఒక్క ట్యూబు కూడా నా చేతిలో తారుమారు కాలేదు" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, దారం మళ్ళీ కొంగున కట్టుకుంటూ, "అట్టాగేలే. కోప్పడమాక" అంది.

మొన్న సోమవారం ఆ చెల్లెలు ఫోన్ చేసింది. "మేడమ్, అక్క పోయి నెల దాటింది. చలికి నెమ్ము చేసింది. వారం కూడా ఉండలేదు. మీకు చెప్పాలని అప్పుడు తోచలేదు. ఒకసారి రావచ్చా? మిమ్మల్ని ఒకటి అడగాలి." రమ్మన్నాను. ఫోను పక్కన పెట్టి అలాగే కూర్చుంటే, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఎవరని అడిగింది. "మగ్గం అమ్మ పోయిందటమ్మా" అన్నాను. మా అమ్మ చేతిలో గరిటెతోనే కుర్చీలో కూలబడింది.

మా అమ్మ ఆవిణ్ణి ఎన్నడూ చూడలేదు. కానీ నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం చర్చిలో ఆవిడ కోసం ప్రార్థన చేయిస్తోంది. ప్రార్థన చీటీలో పేరు రాయాలి కదా, చెప్పవే అని అమ్మ, చెప్పకూడదమ్మా అని నేను. చివరికి 'మగ్గం అమ్మ, నరాల జబ్బు' అని రాసి ఇవ్వడం మొదలుపెట్టింది. పాస్టరుగారు కూడా అలవాటుపడి, మైకులో గంభీరంగా 'మగ్గం అమ్మ' అనే చదివేవారు. ఈ సంగతి చెబితే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓసినీ! మీ దేవుడిక్కూడా నా పేరు చెప్పలేదా నువ్వు?"

ఆ నరాల జబ్బుకు మన భాషలో పేరు లేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పెద్దగా, ఎం.ఎస్. అని చిన్నగా అంటారు. అది ఎందుకొస్తుందో, కుటుంబాల రక్తంలో దాని జాడ ఏమైనా దొరుకుతుందేమో చూడటం మా పరిశోధన. రోగి రక్తం, తోబుట్టువు రక్తం జంటగా తీసుకుని పోల్చి చూస్తాం. నేను డాక్టర్ని కాను. రక్తం తీయడం, స్టిక్కరు అంటించడం, ఫ్రీజరులో భద్రపరచడం, కొంత హైదరాబాదు ల్యాబుకు పంపడం నా పని. దానితోపాటు రోగులతో మాట్లాడటం కూడా నాదే. డాక్టర్లకు అంత తీరిక ఉండదు.

అయినా ఆవిడకు మాత్రం మా డాక్టరుగారే చెప్పాల్సి వచ్చింది. తెలుసుకోకుండా చెయ్యి చాపనని కూర్చుంది మరి. "చూడమ్మా, బయటి క్రిములతో పోరాడటానికి ఒంట్లో కొన్ని కణాలుంటాయి. ఏది మనది, ఏది పరాయిది అని వాటికి తెలియాలి. ఈ జబ్బులో అవి పొరబడతాయి. నరం మీద ఒక పొర ఉంటుంది. దాన్ని పరాయిదనుకుని కొరికేస్తాయి" అన్నారాయన.

"సొంతదాన్నేనా?" అంది ఆవిడ. "పిచ్చి ముండలు. ఎందుకట్టా?"

"అది తెలుసుకోవడానికే మీ రక్తం. కొంత పుట్టుకతో వచ్చే జన్యువుల్లో ఉంది. ఒక్క జన్యువుదే తప్పని చెప్పలేం. చాలా ఉన్నాయి, తలా కొంచెం. చిన్నప్పుడు దాదాపు అందరికీ వచ్చిపోయే ఒక వైరస్ చెయ్యి కూడా ఉందంటున్నారు. అందరికీ వచ్చేదే అయినా ఎవరో కొందరిలోనే ఇలా ఎందుకవుతుందో ఇంకా పూర్తిగా తెలీదు."

"ఆ పొర పోతే ఏమవుద్ది?"

"లోపలి నరం దెబ్బతింటుంది. మెదడు చెప్పిన మాట కాలికీ చేతికీ సరిగ్గా అందదు."

ఆవిడ కాసేపు ఆలోచించి, "అదా! గంజి పెట్టని పడుగన్నమాట" అంది. "మగ్గం మీద నిలువు పోగులకి గంజి పట్టించకపోతే, అచ్చు పళ్ళ సందుల్లో రాసుకునీ రాసుకునీ నూగు లేచి తెగుతాయి. నా గంజి నేనే నాకేస్తన్నానన్నమాట." అప్పుడు చెయ్యి చాపింది. ఆ రోజు నుంచీ కొత్తగా వచ్చే కుటుంబాలకు నేనూ ఇలాగే చెబుతున్నాను. కృష్ణా జిల్లాలో గంజి తెలియనివాళ్ళు లేరు, చప్పున అర్థమవుతుంది.

ఆవిడది చల్లపల్లి దగ్గర చేనేతవాళ్ళ ఊరు. పెళ్ళైన మూడేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తండ్రి గుంట మగ్గంలోనే కాళ్ళు పెట్టి కూర్చుంది. జబ్బు మొదలైన తీరును ఆవిడ నవ్వులాటగా చెప్పేది. ఒకరోజు అంచు నేస్తుంటే ఎరుపు వెలిసినట్టు కనబడిందట. నూలుకు రంగులేసే ఆయన మోసం చేశాడని వీధిలో నిలబెట్టి నానా మాటలూ అంది. ఆయన లబోదిబోమంటూ అదే నూలు తెచ్చి చూపించాడు. అప్పుడు అనుమానం వచ్చి ఒక కన్ను మూసి చూసింది. కుడి కంటికి ఎరుపు ఎరుపులాగే ఉంది, ఎడమ కంటికి ఇటుకరాయి రంగు. "తప్పు ఆయన తొట్టిలో లేదమ్మాయ్, నా కంట్లో ఉంది. కానీ అంతమందిలో తిట్టాక ఎట్టా ఒప్పుకుంటాను? ఆర్నెల్లపాటు ఆయన ఎదురొస్తే సందులోకి దూరేదాన్ని." చివరికి ఆయన ఇంటికి వెళ్ళి, ఒక తువ్వాలు నేసి ఇచ్చి, తప్పైపోయిందని చెప్పి వచ్చింది.

మూడు నెలలకోసారి అక్కచెల్లెళ్ళు కరకట్ట మీదుగా బస్సులో విజయవాడ వచ్చేవాళ్ళు. వచ్చీరాగానే ఆవిడ చేసే మొదటి పని ఎవరివో ఒకరి బట్టలు పట్టి చూడటం. వేళ్ళకు స్పర్శ పోయింది కనుక, పక్కవాళ్ళ పమిట చెంగో చొక్కా చెయ్యో పట్టుకుని చెంపకు ఆనించుకునేది. "చెంప అబద్ధం చెప్పదు" అనేది. వెయిటింగు హాల్లో ముక్కూమొహం తెలియని మనుషులు బెదిరిపోయేవారు. నా తెల్లకోటు చెంపకు పెట్టుకుని "ఛీ, ఇది మరమగ్గం" అని వదిలేసేది. ఒకసారి మా డాక్టరుగారు కొత్త చొక్కా వేసుకుని, చేనేతదని చెప్పి మెప్పు పొందుదామనుకున్నారు. ఆవిడ ఆయన మోచేతి దగ్గర చెంప పెట్టి చూసి, "మిమ్మల్ని ఎవరో బాగా ముంచారండీ" అంది. ఆయన మళ్ళీ ఆ చొక్కా వేసుకోవడం నేను చూడలేదు.

ఎండ ఆవిడకు గిట్టేది కాదు. ఈ జబ్బున్న చాలామందికి ఒళ్ళు వేడెక్కితే లక్షణాలు పెరుగుతాయి. బెజవాడ ఎండ సంగతి చెప్పాలా! బస్టాండు నుంచి ఆటోలో వచ్చేసరికి ఆవిడ కళ్ళు మసకబారి, కాళ్ళు తడబడేవి. అప్పుడు చెల్లెలు ఆవిణ్ణి నడిపించుకుంటూ నేరుగా మా ఫ్రీజర్ల గదికి తెచ్చేది. ఆ గదికి ఏసీ పెట్టింది మా కోసం కాదు, ఫ్రీజర్లు వేడెక్కకుండా. నా స్టూలు లాక్కుని కూర్చుని, పది నిమిషాలయ్యాక కళ్ళు తెరిచి, "వచ్చాయమ్మాయ్, కాళ్ళు తిరిగొచ్చాయి" అనేది. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరుకు 'చల్లపెట్టె' అని పేరు పెట్టింది. రక్తం దాంట్లోనే ఉంటుందని తెలిశాక, "నా రక్తం చేసుకున్న పుణ్యం నేను చేసుకోలేదు. నాక్కూడా ఒక మూల చోటియ్యరాదూ" అని వేసవి వేసవికీ అడిగేది.

ఆవిడ చెప్పుల పట్టీలు చెల్లెలే పెట్టేది. అడిగించుకునేది కాదు. అక్క లేస్తోందంటే కింద కూర్చుని పట్టీ బిగించేది. నెమ్మదస్తురాలు, మాట తక్కువ. భర్త చల్లపల్లిలో బట్టల కొట్లో పనిచేస్తాడు. పెళ్ళై నాలుగేళ్ళైనా పిల్లలు లేరు. లేకపోవడం కాదు, వద్దనుకుంది. ఒకసారి నన్ను పక్కకు పిలిచి అడిగింది. "మేడమ్, అక్క జబ్బు నాకు వస్తుందా? నా కడుపున పుట్టే బిడ్డకి వస్తుందా?"

తోబుట్టువులైనంత మాత్రాన వస్తుందని ఏమీ లేదని, చాలా కొద్దిమందికే వస్తుందని, మా డాక్టరుగారు చెప్పమన్నట్టే చెప్పాను. తల ఊపింది. కానీ ఆ కొద్దిమందిలో తానూ ఉంటానేమోనన్న భయం ఆమె కళ్ళల్లోంచి పోలేదు. అరికాలు తిమ్మిరెక్కితే ఫోను. కన్ను అదిరితే ఫోను. అక్కకు తెలియకుండా రెండుసార్లు ఒంటరిగా వచ్చి పరీక్షలు చేయించుకుంది. పరిశోధనకు రక్తం ఇస్తానని పట్టుబట్టిందీ తనే. అక్క వద్దంటుంటే, "నీకెందుకొచ్చిందో తెలియొద్దా అక్కాయ్?" అని ఆమె అడిగిన తీరుకు ఆవిడ ఇంకేమీ అనలేకపోయింది.

ఆ రోజు కాగితాలు చదివి వినిపించాక ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "ఈ రక్తం ఏమేం చెప్పుద్దమ్మాయ్?"

"జన్యువుల సంగతులండీ."

"మా ఇంట్లోవాళ్ళకి ఏమీ చెప్పరుగా?"

"ఏమీ చెప్పం. ఇదిగో, రాసే ఉంది."

"రాసింది నాకెందుకు? నువ్వు చెప్పు." చెప్పనని మాటిచ్చాను. జబ్బు ఎంత ముదిరిందో ఇంట్లో తెలియకూడదని కాబోలు అనుకున్నాను. అంత తెలివి నాది.

ఎనిమిది నెలల తరువాత హైదరాబాదు నుంచి మెయిలు వచ్చింది. నలభై ఏడు ఎ, నలభై ఏడు బి తోబుట్టువుల రక్తాలు కావు, ట్యూబులు తారుమారైనట్టున్నాయి, మళ్ళీ తీసి పంపండి అని దాని సారాంశం. మా డాక్టరుగారు తిట్టినా బాగుండేది. "ఎప్పుడూ పొరపాటు చెయ్యవు గదమ్మా నువ్వు" అన్నారు మెల్లగా. నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రిజిస్టరు తిరగేశాను, ఫ్రీజరులో ప్రతి డబ్బా చూశాను. ఎక్కడా తప్పు లేదు. కానీ రక్తం అబద్ధం చెప్పదు కదా. మూడోరోజు సూదులూ ట్యూబులూ సంచిలో వేసుకుని, ఎవరి మీదో తెలియని కోపంతో చల్లపల్లి బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి వాళ్ళింట్లో పోగులు అతుకుతున్నారు. మగ్గం మీద నేసే నూలు అయిపోయినప్పుడు, పాత పోగుల కొసలు అచ్చులో ఉండగానే, కొత్త పడుగులో ఒక్కొక్క పోగునూ వాటికి కలిపి మెలిపెడతారు. వేల పోగులు. ముడి ఉండదు, వేళ్ళకు బూడిద అద్దుకుని ఒక్క మెలిక, అంతే. ఒకప్పుడు ఆ వీధిలో ఈ పనికి ఆవిణ్ణే పిలిచేవారట. ఇప్పుడు చెల్లెలు అతుకుతుంటే ఆవిడ పక్కన పీట మీద కూర్చుని చూస్తోంది. చెల్లెలి చేతులు ఎంత వేగంగా కదులుతున్నాయంటే, ఒక పోగు అతికిందని నాకు తెలిసేలోపు ఆమె నాలుగో పోగు దగ్గర ఉంది.

"శాంపిల్ పాడైందండీ. ఇద్దరిదీ మళ్ళీ తీసుకోవాలి" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మేడమ్‌కి సోడా పట్రావే, ఎండన పడి వచ్చింది" అని చెల్లెల్ని పంపి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"పాడైందా, తప్పిందా?"

నేను రెండో చేత్తో సంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

"నిన్నేమన్నా అన్నారా మీ డాక్టరుగారు?" అని అడిగింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీ తప్పు లేదమ్మాయ్. నువ్వు సరిగ్గానే పెట్టావు. అది మా అమ్మ కడుపున పుట్టలేదు" అంది.

నెమ్మదిగా, వీధి వైపే చూస్తూ చెప్పింది. అప్పటికి వాళ్ళు వేరే ఊళ్ళో ఉండేవారు. ఆవిడకు పదిహేనేళ్ళు. తల్లి కాన్పుకు వెళితే పెద్దాసుపత్రిలో బిడ్డ చచ్చి పుట్టింది. పక్క మంచం మీద ఇంకొకామె బిడ్డను కని పోయింది. ఆ బిడ్డ కోసం ఎవరూ రాలేదు. రెండు రోజులు ఏడుపు విన్నాక ఈ తల్లి తన పాలిచ్చింది. మూడోరోజు ఇంటికి వచ్చేటప్పుడు, తల్లి నడవలేకపోతే, కోరా గుడ్డలో చుట్టి ఈ అక్కే బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆర్నెల్లకు ఊరు మారారు. అమ్మానాన్నలు పోయారు. ఇక ఆ సంగతి తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

"ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నువ్వు మాట పడుతున్నావని చెప్పాను" అంది. నా చెయ్యి వదలకుండానే, "ఇప్పుడు నాకో సంగతి చెప్పు. నా రక్తం దానిది కానప్పుడు నా జబ్బు దానికి రాదుగా? ఈ మాట చెబితే దాని భయం పోద్దిగా?"

నేను నిజమే చెప్పాలి. "భయం చాలావరకు పోవచ్చండీ. కానీ ఎవరికీ రానే రాదని చెప్పలేం. మీకెలా వచ్చిందో, లోకంలో ఎవరికైనా అలా రావచ్చు. అక్కాచెల్లెళ్ళలో ఉండే కొంచెం ముప్పు కూడా ఆమెకు ఉండదు, అంతే."

"ఆ కొంచెమే దాన్ని తింటంది. కానీ భయం పోగొట్టాలంటే అక్కని కూడా పోగొట్టాలి. ఏం చెయ్యమంటావు?" ఆవిడ గొంతు వణకడం నేను విన్నది ఆ ఒక్కసారే. సోడా వచ్చింది. తాగాను. రక్తం తీయకుండానే తిరుగు బస్సెక్కాను.

మా డాక్టరుగారికి ఒక్క ముక్కే చెప్పాను, ట్యూబులు తప్పలేదని. ఆయనకు అర్థమైంది, మరేమీ అడగలేదు. చెల్లెలి రక్తాన్ని బంధుత్వం లేని ఆరోగ్యవంతుల జాబితాలోకి మార్చమన్నారు. కంప్యూటరులో మార్చాను. ట్యూబును కూడా తీసి కింద అరలో వేరే డబ్బాలో పెట్టాలి. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటూ ఉండిపోయాను.

మూడు నెలల తరువాత వాళ్ళ వంతు వచ్చింది. ఆ వారమంతా చెల్లెలికి ఎడమ కాలు తిమ్మిర్లట. డాక్టరుగారు పరీక్షించి, గుంట మగ్గంలో గంటలకొద్దీ కూర్చోవడం వల్లనేనని, మరేమీ లేదని పంపేశారు. ఇద్దరూ నా గదికి వచ్చారు. అక్క స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి ఇక వెళదామని చెల్లెలు కింద కూర్చుని చెప్పు పట్టీ బిగిస్తోంది. ఆవిడ వంగి, చెల్లెలి తల మీద చెయ్యి వేసి చెప్పేసింది.

"నీకు రాదే. నువ్వు అమ్మ కడుపున పుట్టలేదు. నిన్ను తెచ్చుకున్నాం."

నేను బయటికి వెళ్ళబోతే ఆవిడ కళ్ళతోనే ఆపింది. చెల్లెలు తల ఎత్తలేదు. పట్టీ చివర సరిచేసింది. రెండో కాలి చెప్పు తీసుకుంది. దాని పట్టీ కూడా బిగించింది. అప్పుడడిగింది, "నీకెప్పట్నుంచీ తెలుసు?"

"ఎత్తుకొచ్చిందే నేను."

ఆమె ఏడుపు మొదలుపెట్టినప్పుడు శబ్దం కూడా రాలేదు, భుజాలు కదిలితే తెలిసింది.

"జబ్బు రాదని చెబితే ఏడుస్తావేంటే పిచ్చిదానా?" అంది అక్క. ఆవిడ ముఖం కూడా తడిసిపోయి ఉంది.

"కాలు తిమ్మిరెక్కినప్పుడల్లా భయమేసేది అక్కాయ్. కానీ లోపల ఎక్కడో, పోనీలే, అక్కదేగా అనుకునేదాన్ని." చెల్లెలు ముక్కు తుడుచుకుంది. "అదీ రాకపోతే నీ దగ్గర్నుంచి నాకేం వచ్చినట్టు?"

ఆవిడ చెల్లెలి కుడిచెయ్యి అందుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. స్పర్శ తెలియదు కనుక ఆ వేళ్ళను తన చెంపకు ఆనించుకుంది. "అతకడం రాలా? అది నా చెయ్యేగా. అమ్మది నాకొచ్చింది, నాది నీకొచ్చింది. నువ్వు అతికిన పోగుని బట్టలో చూపించమను ఎవర్నైనా" అంది.

నేను డాక్టరుగారు పిలిచారని అబద్ధం చెప్పి బయటికి వెళ్ళి, మెట్ల దగ్గర నిలబడి కరువుతీరా ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ బస్సు గురించి వాదులాడుకుంటున్నారు. కరకట్ట బస్సా, ఉయ్యూరు మీదుగా వెళ్ళేదా అని. ఆ తరువాత మూడేళ్ళు ఎప్పటిలాగే వచ్చారు, వెళ్ళారు. చెప్పు పట్టీలు చెల్లెలే పెట్టింది. తిమ్మిర్ల ఫోన్లు మాత్రం మెల్లమెల్లగా తగ్గి ఆగిపోయాయి.

నిన్న ఆ చెల్లెలు ఒక్కతే వచ్చింది. ఆమెకిప్పుడు ఏడో నెల. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతుంటే, అక్క స్టూలే వేసి కూర్చోబెట్టాను. చివరి రోజుల్లో అక్క ఏమంది, ఎలా పోయింది అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

"అక్క రక్తం ఇంకా ఉందా మేడమ్?"

"ఉందమ్మా."

"మరి నాది?" కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. "అక్కచెల్లెళ్ళ జంట అని తీసుకున్నారు కదా. మేం అది కాదని తేలిందిగా. తీసేశారా? అది అడుగుదామనే వచ్చాను."

నేను లేచి చేతులకు దళసరి తొడుగులు వేసుకుని ఫ్రీజరు తలుపు తెరిచాను. తెల్లటి పొగ మా కాళ్ళ మీదికి దిగింది. నాలుగో అర, మూడో డబ్బా. మూత తీసి, మంచు తుడిచి, ఆమెకు కనబడేలా వంచి పట్టుకున్నాను. నలభై ఏడు ఎ. దానిని ఆనుకుని నలభై ఏడు బి. మూడేళ్ళుగా నేను మార్చని ట్యూబు. నా ఉద్యోగ జీవితంలో తెలిసి చేసిన తప్పు అదొక్కటే, దాన్ని ఇక దిద్దను కూడా.

ఆమె రెండు నంబర్లూ పెదవులు కదుపుతూ చదువుకుంది. "ముట్టుకోవచ్చా?"

"వద్దమ్మా. చర్మం అంటుకుపోతుంది."

సరేనన్నట్టు తలూపి, ముందుకు వంగి, ఆ లేచే చల్లదనానికి చెంప పెట్టింది. బట్ట చూసేటప్పుడు వాళ్ళక్క పెట్టినట్టే, కళ్ళు మూసుకుని. ఎంతసేపు అలా ఉందో తెలియదు. తలుపు తెరిచి ఉంచినందుకు ఫ్రీజరు కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది. నేను కదలలేదు, అరవనీ అనుకున్నాను.

ఆమే కళ్ళు తెరిచింది. "మూసెయ్యండి మేడమ్. లోపలికి వేడి పోతుంది, అక్కకి పడదు" అంది. మూసేశాను.